ఒక చిప్పూ ఒక కుర్చీ ఉంటే చాలా?

సిద్ధగోరాలో మా హేతువాద మిత్రులం నెలకోసారి కూర్చుంటాం. పోయినసారి అక్కడ ఒక గొడవ జరిగింది. మొదలుపెట్టింది నేనే.

ఆ రోజు ఒక మాస్టారు పిల్లలకు ఆత్మవిశ్వాసం గురించి చెబుతున్నారు. జాతకాలు, ఉంగరాలు, వాస్తు ఏవీ మనిషిని గట్టెక్కించవు, పట్టుదలే గట్టెక్కిస్తుంది అన్నారు. బాగానే ఉంది. తర్వాత ఉదాహరణగా జాక్ స్ట్రాస్ కథ ఎత్తుకున్నారు. 1982లో లాస్ వెగాస్‌లో పోకర్ ప్రపంచ పోటీ. స్ట్రాస్ ఒక పందెంలో తన చిప్పులన్నీ ముందుకు తోశాడు, ఓడిపోయాడు. లేచి వెళ్లిపోబోతుంటే బల్ల మీద రుమాలు కింద ఒకే ఒక్క చిప్పు కనిపించింది. "ఆల్ ఇన్" అని నోటితో అనలేదు కాబట్టి ఆ చిప్పు అతనిదే అన్నారు. మళ్లీ కూర్చున్నాడు. ఆ ఒక్క చిప్పుతో మొదలుపెట్టి పోటీ మొత్తం గెలిచి 5,20,000 డాలర్లు ఇంటికి పట్టుకెళ్లాడు. పోకర్ ఆడేవాళ్లందరి నోళ్లలో నానే "ఒక చిప్పు, ఒక కుర్చీ ఉంటే చాలు" అన్న మాటకు ఈ కథే ఊపిరి.

అందరూ చప్పట్లు కొట్టారు. పది నిమిషాల ముందు గురువారం ఉపవాసాల మీద జోకులు వేసుకున్నవాళ్లే కొట్టారు. నేను కొట్టలేదు. "మాస్టారూ, మీరు ఇప్పుడు చెప్పింది స్థల పురాణం" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "ఇది నిజంగా జరిగింది కదండీ, పురాణమెలా అవుతుంది?" అన్నారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. అక్కడ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

మొదట లెక్క చూద్దాం. ఆ ఏడు పోటీలో 104 మంది ఆడారు. తలా 10,000 చిప్పులు. మొత్తం 10,40,000. స్ట్రాస్ రుమాలు కింద దొరికింది 500 చిప్పు అంటారు. ఆటగాళ్లంతా సమాన నైపుణ్యం ఉన్నవాళ్లనుకుంటే, ఎవరైనా పోటీ మొత్తం గెలిచే అవకాశం సరిగ్గా వాళ్ల దగ్గరున్న చిప్పుల వాటాతో సమానం. ఇది జూదగాడి దివాలా లెక్క, సంభావ్యతా శాస్త్రంలో పాత పాఠం. 500ని 10,40,000తో భాగించండి. 2080లో ఒకటి వస్తుంది.

ఇంకోలా చూడండి. 500 వెయ్యి కావాలి, వెయ్యి రెండు వేలు కావాలి, అలా పదకొండుసార్లు రెట్టింపు అయితే పది లక్షలు దాటుతుంది. బొమ్మా బొరుసా వేసి వరసగా పదకొండుసార్లు బొమ్మ పడటం లాంటిది. స్ట్రాస్ మామూలు ఆటగాడు కాదు, చేయి తిరిగినవాడు అంటారా? సరే, అవకాశం రెట్టింపు చేద్దాం. 1040లో ఒకటి. మూడు రెట్లు చేసినా దాదాపు 700లో ఒకటే.

అంటే ఒక్క చిప్పుతో మళ్లీ కూర్చున్న 2080 మందిలో 2079 మంది కాసేపటికి లేచి ఇంటికి పోయారు. వాళ్లకు కథ లేదు. వాళ్లూ పట్టుదలగానే ఆడారు. వాళ్లకూ ఒక కుర్చీ ఉంది. వాళ్ల పేర్లు ఏ మాస్టారూ పిల్లలకు చెప్పరు.

ఇక్కడ మన పూర్వీకుడొకడు గుర్తుకు రావాలి. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో గ్రీసులో డయాగొరాస్ అనే నాస్తికుడు ఉండేవాడు. దేవుళ్లకు మొక్కుకుని తుపాను నుంచి బయటపడ్డ నావికుల బొమ్మలు గుడిలో వేలాడదీసి ఉంటే, "చూడు, దేవుడున్నాడని ఇంకేం రుజువు కావాలి?" అని ఒక మిత్రుడు అడిగాడట. మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎక్కడ పెట్టారని డయాగొరాస్ ఎదురడిగాడట. ఈ సంగతి సిసిరో రాసి పెట్టాడు. హేతువాదం మొత్తానికి నాకు తెలిసిన అతి చిన్న పాఠ్యపుస్తకం ఇదే. మాస్టారి కథ నిజంగా జరిగింది. గుడిలో బొమ్మ వేయించిన నావికుడూ నిజంగానే బతికాడు. అబద్ధం ఆ సంఘటనలో లేదు, దాని నుంచి తీసిన నీతిలో ఉంది. అందుకే స్థల పురాణం అన్నాను.

"పోనిద్దురూ, ఉత్సాహం కోసం చెప్పే కథకి ఇంత లెక్కలెందుకు" అంటారేమో. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు అసలు ఆట సంగతి చూద్దాం. తక్కువ చిప్పులున్నవాడు ఏం చేయాలనే ప్రశ్నకు నో లిమిట్ హోల్డెమ్‌లో ఖచ్చితమైన జవాబులున్నాయి. ఆశకు, లెక్కకు తేడా అంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకొకటి నేను చూడలేదు.

మా ఇంట్లో దీపావళి రాత్రి ఆడతాం. ఈ ఊళ్లో ఆ రాత్రి తీన్ పత్తీ ఆడని ఇల్లు తక్కువ. ఆడితే లక్ష్మి వస్తుందని నమ్మకం. మేం లక్ష్మి కోసం ఆడం, డబ్బు పెట్టం. చిప్పుల బదులు చింతపిక్కలు. పది మంది తలా పది లడ్డూలు తెస్తారు. మొదటివాడికి 50, రెండోవాడికి 30, మూడోవాడికి 20. మిగతావాళ్లకు మంచినీళ్లు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ప్రతివాడికీ రెండు పేకముక్కలు మూసి ఇస్తారు, బల్ల మీద అయిదు ముక్కలు అందరికీ కలిపి తెరుస్తారు. ఎప్పుడైనా సరే, ఉన్నదంతా పందెం కాయొచ్చు. ప్రతి పంపకంలో ఇద్దరు చూడకుండానే కొంత కాయాలి. అవే బ్లైండ్లు. గంట గడిచేకొద్దీ అవి పెరుగుతాయి. అందువల్ల ఊరికే కూర్చోవడం ఉచితం కాదు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

మీ దగ్గర 2000 ఉన్నాయి. బ్లైండ్లు 100, 200. తొమ్మిది మంది ఆడుతున్నారు. ఒక చుట్టు తిరిగేసరికి 300 పోతాయి. ఉన్నదాన్ని చుట్టు ఖర్చుతో భాగిస్తే 6.7 వస్తుంది. ఈ సంఖ్యకు పేరు ఎం. పాల్ మాగ్రియెల్ అనే గణితం తెలిసిన ఆటగాడు చెప్పినది, డాన్ హారింగ్టన్ పుస్తకాలతో 2004 తర్వాత ఇంటింటికీ చేరింది. ఇది అయిదుకు పడిపోతే చిన్న పందేలు, ఎత్తులు, జిత్తులు ఏవీ పనికిరావు. మిగిలే నిర్ణయం ఒకటే: అంతా తొయ్యి, లేదా ముక్కలు పడెయ్యి.

ఈ స్థితిలో మనవాళ్లు చేసే మొదటి తప్పు ఎదురుచూడటం. "ముక్కలు పడటం లేదు, మంచి ముక్క రానీ" అంటారు. ముక్క అనేది ఒక దేవత, కాసేపు అలిగింది, మళ్లీ కరుణిస్తుంది అని లోపలి భావం. లెక్క చూద్దాం. చుట్టుకొకసారి బ్లైండ్లు రెట్టింపవుతాయనుకోండి. 2000లో మొదటి చుట్టుకు 300, రెండో చుట్టుకు 600 పోతాయి. మూడో చుట్టు ఖర్చు 1200, మిగిలింది 1100. అంటే మహా అయితే 27 పంపకాలు. ఆసుల జత వచ్చే అవకాశం 221లో ఒకటి. 27 పంపకాల్లో ఒక్కసారి కూడా రాకపోయే అవకాశం 88 శాతం. పోనీ ఆసుల జత, రాజుల జత, రాణుల జత, ఆసూ రాజూ, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి వచ్చినా చాలనుకుందాం. 39లో ఒకటి. 27 పంపకాల్లో అదీ రాకపోయే అవకాశం ఇంచుమించు సగం. పాతిక పంపకాలయ్యాక వచ్చినా, అప్పటికి మీ దగ్గర మిగిలింది రెట్టింపైనా మొదట ఉన్నదానికి చేరకపోవచ్చు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. మీ దగ్గర 1000 ఉన్నాయి, అందులో 100 చిన్న బ్లైండుగా ఇప్పటికే పెట్టారు. అందరూ ముక్కలు పడేశారు. పక్కన 200 పెట్టినవాడొక్కడే మిగిలాడు. పడేస్తే మీకు 900 మిగులుతాయి. అంతా తోస్తే? అతను పదిలో ఆరుసార్లు పడేస్తాడనుకుందాం, అప్పుడు మీకు 1200. పదిలో నాలుగుసార్లు చూస్తాడు; చూసినప్పుడు మీ ముక్కలు చెత్తవి, నలభై శాతమే గెలుస్తారు. 1200లో అరవై శాతం 720. 2000లో నలభై శాతంలో నలభై శాతం 320. మొత్తం 1040. పడేస్తే 900, తోస్తే సగటున 1040. చూసినప్పుడు ఎక్కువసార్లు ఓడిపోయే ముక్కలతో కూడా తోయడమే లాభం! ఎందుకంటే ఇక్కడ గెలిపించేది మీ ముక్క కాదు, అవతలివాడి భయం.

అదే మీరు మంచి ముక్క కోసం చూసి చూసి 300కి దిగారనుకోండి. ఇప్పుడు తోస్తే అవతలివాడు ఇంకో 100 పెడితే చాలు, మధ్యలో ఇప్పటికే 500 ఉన్నాయి. ఆరింట ఒకసారి గెలిచినా అతనికి నష్టం లేదు. హోల్డెమ్‌లో అతి చెత్త చేయి అని పేరుపడ్డ రంగు కలవని ఏడూ రెండూ కూడా ఆసూ రాజుల మీద మూడింట ఒకసారి గెలుస్తాయి. కాబట్టి అతను ముక్కలు చూడనైనా చూడకుండా "కానీ" అంటాడు. మీకున్న ఒకే ఒక్క ఆయుధం, అంటే ఎదుటివాడు వెనక్కి తగ్గే అవకాశం, ఎదురుచూపుల్లో కరిగిపోయింది. "ఒక చిప్పు ఉంటే చాలు" అన్న మాట ఆటగా కూడా ఎంత తప్పో చూశారా? ఆ ఒక్క చిప్పుకు దిగకుండా, ఇంకా పది బ్లైండ్లు ఉండగానే కదలాలని లెక్క చెబుతుంది.

అలాగని ఎప్పుడూ తోసెయ్యమనీ కాదు. మా లడ్డూల ఆటలో ముగ్గురు మిగిలారు, సమానంగా చిప్పులున్నాయి. ఒక్కొక్కరి వాటా 33.3 లడ్డూలు. ఇప్పుడు నేనూ ఇంకొకడూ అంతా తోసుకున్నాం. ఓడితే నాకు 20. గెలిస్తే నా చిప్పులు రెట్టింపవుతాయి, లడ్డూలు కావు: మూడింట రెండుసార్లు 50, ఒకసారి 30, సగటున 43.3. పది లడ్డూల లాభం కోసం 13.3 పణం పెడుతున్నాను. అంటే 57 శాతం గెలుపు ఉంటేనే దిగాలి. 52 శాతం ఉన్నా ముక్కలు పడెయ్యాలి. పోయే చిప్పు విలువ వచ్చే చిప్పు కంటే ఎక్కువ. ఇక్కడ ఆగడం సరైనదే, కాని ఆగడానికి కారణం ఒక సంఖ్య. నమ్మకం కాదు.

ఇంతవరకూ ఆట. ఇప్పుడు ఇంత లెక్క ఎందుకో చెబుతానన్నాను కదా.

మా అక్క కొడుకు ఆదిత్యపూర్‌లో ఒక వర్క్‌షాపులో పని చేస్తాడు. కుశాగ్రబుద్ధి. దీపావళికి చింతపిక్కలతో వాడికి హోల్డెమ్ నేర్పింది నేనే. పైన రాసిన లెక్కలన్నీ నాకంటే వేగంగా చేసేవాడు. తర్వాత ఫోనులో డబ్బు పెట్టి ఆడటం మొదలుపెట్టాడు, మాకు తెలియదు. 2023లో తెలిసేసరికి మూడు లక్షల నలభై వేలు అప్పు. అక్క ఏడుస్తూ ఒక జ్యోతిష్కుడి దగ్గరికి తీసుకెళ్లింది. గురుబలం లేదని పద్దెనిమిది వేలకు పుష్యరాగం ఉంగరం తొడిగించాడు. నేను మండిపడ్డాను. "ఉంగరం చూసి నవ్వుతావేంటి మావయ్యా, దాని పని అయ్యేదాకా నా ప్లానూ ఉంది కదా" అన్నాడు వాడు. ఏమిట్రా ప్లాను? పీఎఫ్‌లోంచి తీయగలిగినంతా తీసి ఒక పెద్ద టోర్నమెంటులో పెట్టడం.

వాడు చెప్పిన తర్కం వినండి. "నా ఖాతా ఇప్పుడు షార్ట్ స్టాక్ మావయ్యా. ఈఎంఐలు బ్లైండ్లు. నెలనెలా తినేస్తున్నాయి. ఆగితే చస్తాను, తోస్తే అవకాశం ఉంది. నువ్వు చెప్పిందే కదా. ఆ స్ట్రాస్ కథ కూడా నువ్వే చెప్పావు."

అవును, నేనే చెప్పాను. ఆ దీపావళి రాత్రి వాడు చిప్పులు పోగొట్టుకుని దిగాలుగా కూర్చుంటే ఒకే ఒక్క చింతపిక్క చేతిలో పెట్టి మరీ చెప్పాను. మాస్టారి మీద నా కోపంలో సగం నా మీద కోపమే. ఉంగరం ఖరీదు పద్దెనిమిది వేలు. నా కథ ఖరీదు అంతకంటే చాలా ఎక్కువ కాబోయింది.

వాడి వాదన మూర్ఖుడి వాదన కాదు. అందుకే దాన్ని వెక్కిరించి లాభం లేదు, ఎక్కడ విరిగిందో చూపించాలి. మూడు చోట్ల విరిగింది.

ఒకటి. టోర్నమెంటులో చిప్పులు బయటినుంచి రావు. జీతగాడికి ప్రతి నెలా వస్తాయి. ఈఎంఐ బ్లైండే కావచ్చు, కాని బ్యాంకుకు వెళ్లి వాయిదా తగ్గించి గడువు పెంచమని అడగొచ్చు. ఏ డీలరూ బ్లైండు తగ్గించడు.

రెండు. టోర్నమెంటులో అంతా పోయినా పోయేది ప్రవేశ రుసుమే, సున్నా దగ్గర ఆగిపోతుంది. అప్పు చేసినవాడికి సున్నా కింద కూడా అంతస్తులున్నాయి. "ఆల్ ఇన్" అన్న మాటకు అక్కడ అర్థమే వేరు.

మూడు, ముఖ్యమైనది. షార్ట్ స్టాక్ తోయడం సరైనది కావడానికి కారణం, పక్కన ఉన్న దారి అంతకంటే చెడ్డది కావడం: ఊరికే కూర్చోవడం అక్కడ ఉచితం కాదు. బల్ల దగ్గరినుంచి లేచిపోవడం ఆటలో ఒక ఎత్తు కాదు. బతుకులో అది ఎత్తే, పైగా ఉచితం. తలా 110 పెట్టి పది మంది ఆడితే, 10 చొప్పున నిర్వాహకుడు తీసుకుంటే, 1100 పెట్టినచోట 1000 తిరిగి వస్తాయి. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు మొత్తంగా ఓడిపోయినట్టే. ఆ బల్ల మీద ఆదా కావడానికి ఇంకో బల్ల దగ్గరికి పరిగెత్తడం లెక్క కాదు, తపన.

ఆ తపనకు శాస్త్రంలో పేరుంది. లాభంలో ఉన్న మనిషి జాగ్రత్తగా ఉంటాడు, నష్టంలో ఉన్నవాడు పెద్ద ప్రమాదాలకు సిద్ధపడతాడు అని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో చూపించారు. గుర్రప్పందాల్లో రోజు చివరికి ఓడినవాళ్లు అసాధ్యమైన గుర్రాల మీద కాయడం అంతకుముందే గమనించినదే. మావాడు తన తపనకు గణితం చొక్కా తొడిగాడు. జ్యోతిష్కుడు అక్క భయానికి గ్రహాల చొక్కా తొడిగాడు. తేడా చొక్కాలోనే.

ఇక "నైపుణ్యం" అన్న మంత్రం. మన తెలుగు నేల మీద దీనికి పాత చరిత్రే ఉంది. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేస్తే, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణల మధ్య ఆ వ్యాజ్యంలో 1967లో తీర్పు వచ్చింది: రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని. తర్వాత ఫోను ఆటల కంపెనీలు ఆ మాటను తాయెత్తులా కట్టుకున్నాయి. పోకర్ విషయంలో గుజరాత్ హైకోర్టు 2017లో ఒప్పుకోలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

నా మటుకు నాకు, "నైపుణ్యమా, అదృష్టమా" అన్న ప్రశ్నే తప్పు ప్రశ్న. రెండూ ఉన్నాయి, ఎంతెంత అన్నదే ప్రశ్న. అది ఆట పేరును బట్టి కాదు, చిప్పులను బట్టి మారుతుంది. పదివేల చేతులు ఆడినవాడి దగ్గర నైపుణ్యం కనిపిస్తుంది. షార్ట్ స్టాక్ దగ్గర మిగిలేది ఒకే ఒక్క నిర్ణయం, ఆపైన అంతా ముక్కల దయ. సరైన నిర్ణయం తీసుకుని ఓడిపోవచ్చు, తప్పు చేసి గెలవొచ్చు. గెలిచినవాడు నైపుణ్యం అంటాడు, ఓడినవాడు దురదృష్టం అంటాడు. పంట పండితే దేవుడి దయ, ఎండితే నా కర్మ అనేవాడి పద్దు పుస్తకం కూడా ఇలాగే ఉంటుంది, జమా ఖర్చులు తారుమారుగా.

కొందరు మిత్రులు "అసలు హేతువాదికి పేకాటెందుకండీ, వదిలేస్తే పోలేదా" అన్నారు. డబ్బు పెట్టి ఆడొద్దు, నేనూ అదే అంటున్నాను. కాని వదిలెయ్యమని చెప్పడం వేరు, ఎందుకో చూపించడం వేరు. "పాపం" అని పూజారి కూడా చెప్పగలడు. మావాణ్ణి ఆపింది పాపభీతి కాదు. ఆ రాత్రి ఇద్దరం కాగితం మీద 2080 రాసి, పదకొండు బొమ్మలు వరసగా పడేదాకా రూపాయి బిళ్ల ఎగరేద్దాం రా అన్నాను. గంటన్నర ఎగరేశాం. ఒక్కసారి ఆరు దాకా వచ్చింది. అంతే. తెల్లారి బ్యాంకుకు వెళ్లాం. వాయిదాలు తగ్గాయి. అప్పు ఇంకా తీరలేదు, తీరుస్తున్నాడు. ఉంగరం అమ్మితే ఏడు వేలు వచ్చింది.

ఛఠ్ పండగ రోజుల్లో మా సిద్ధగోరా సూర్యమందిరం దగ్గర చెరువు గట్టున నిలబడి వేల మంది కోరికలు కోరుకుంటారు. మనం దూరంగా నిలబడి లెక్కలడుగుతాం: తీరినవెన్ని, తీరనివెన్ని? అడగాల్సిందే. కాని మనం చెప్పే కథల దగ్గర కూడా ఎవరో ఒకరు నిలబడి అదే అడగాలి. పట్టుదల మంచిదే మాస్టారూ. ఆ మాట చెప్పడానికి వచ్చేసారి స్ట్రాస్‌ను కాకుండా, ఒక వాయిదా కట్టి ఇంకో వాయిదాకు ఓవర్‌టైము చేసేవాణ్ణి పిలుద్దాం. వాడి కథలో రుమాలు లేదు, దాని కింద చిప్పూ లేదు. అయినా అలాంటివాళ్లు 2080 మంది మొదలుపెడితే ఒక్కడు కాదు, చాలామంది గట్టెక్కుతారు.